టాఫీ కాలు, జయచంద్ర జుట్టు

జయచంద్రకు లోకంలో రెండు రకాల ప్రాణులంటే మహా చులకన. ఒకటి బట్టతల మగవాళ్లు. రెండోది ఆయన ఇంట్లోనే ఉన్న కుక్క.

మొదటిదానికి కారణం వంశంలో ఉంది. వాళ్ల నాయనకు ముప్పై దాటకముందే నెత్తి నున్నబడింది. అన్నలిద్దరిదీ అదే కథ. చిన్నాయనకైతే పెళ్లిచూపులకు పోయేనాటికే సగం ఊడిపోయి, తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడట. అలాంటి ఇంట్లో యాభై నాలుగేళ్లు వచ్చినా నెత్తి నిండా జుట్టున్నవాడు జయచంద్ర ఒక్కడే. ఇందులో ఆయన చేసిన ఘనకార్యం ఏమీ లేదు. అయినా చిత్తూరు బెల్లం మండీ వీధిలో ఆయన నడక చూస్తే, విత్తనం వేసి, నీళ్లు పెట్టి, ఆ జుట్టును సొంతంగా పండించుకున్నట్టే ఉండేది. పదిహేను రోజులకొకసారి నల్లరంగు, రోజూ గంధపు చెక్క దువ్వెన. ఇంట్లో ఒకటి, కారులో ఒకటి, మండీలో ఒకటి. రైతు బెల్లం దిమ్మ పగలగొట్టి రుచి చూడమని చేతికిస్తే, ముందు దువ్వుకుని ఆ తర్వాత నోట్లో వేసుకునేవాడు.

మండీలో పక్క కొట్టు బామ్మర్ది ధనశేఖర్‌ది. అతనికి బట్టతల. జయచంద్ర అతన్ని పేరు పెట్టి పిలిచి ఇరవై ఏళ్లయింది.

"ఏమిరా గుండూ, ఆడ ఎండలో ఎందుకు నిలబడినావు? లారీ డ్రైవరుకు కండ్లు జిగేలుమంటాయి, లోపలికి పో" అనేవాడు, బెల్లం దింపడానికి వచ్చిన రైతులందరి ముందూ.

ధనశేఖర్ నవ్వి ఊరుకునేవాడు. అక్క మొగుడు మరి, నవ్వక ఏం చేస్తాడు.

ఇక కుక్క సంగతి. తిరుపతిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు లోహిత దాన్ని తెచ్చింది. హాస్టల్లో పెట్టుకోనివ్వరని తెలిసి కూడా కొనింది. తెచ్చి తల్లి ఒళ్లో పెట్టి, రెండు రోజులుండి పోయింది. పేరు టాఫీ. జాతి యార్క్‌షైర్ టెర్రియర్. బరువు మూడు కిలోలు. వీపు మీద నడిమి పాపిడి తీసి రెండు వైపులా నేలదాకా జారిన జుట్టు, కళ్లలో పడకుండా నెత్తిన ఎర్ర రిబ్బను పిలక.

"దీనిది బొచ్చు కాదు నాయనా, జుట్టు. మనుషులకు మాదిరే పెరగతా ఉంటాది. ఇంగ్లండులో ఎలుకల్ని పట్టేదానికి పెంచిన జాతి ఇది" అని లోహిత ఫోనులో బొమ్మలు చూపించింది.

"ఎలుకల్ని ఇది పట్టేదేంది? మన మండీలో పందికొక్కు దీన్ని నోట కరచుకోని పోయి పిల్లలకు ఆడుకోడానికి ఇస్తాది" అన్నాడు జయచంద్ర.

కుక్కంటే ఆయన లెక్క వేరు. కుక్కనేది గేటు బయట ఉండాలి. సద్దన్నం పెడితే తినాలి. కొత్తవాడు కనబడితే పిక్క పట్టుకోవాలి. ఇది ఉప్పు లేని ఉడికిన కోడికూర తింటుంది, మే నెలలో ఏసీ లేకపోతే నాలుక వేలాడేసి పడిపోతుంది, మెడకు పట్టీ కడితే గొంతు నొక్కుకుంటుందని దానికి చంకల కింద నుంచి వచ్చే జాకెట్టు. అయినా పొగరుకు మాత్రం కొదవ లేదు. వీధిలో ఎద్దు పోయినా, గ్యాసు బండి పోయినా, తన ఎత్తుకు పదింతలున్న దేన్నయినా చంపేసేట్టు మొరుగుతుంది. గోడ మీద బల్లి కనబడితే పూటంతా అక్కడే కాపు కాస్తుంది.

వీటన్నిటినీ ఆయన ఓర్చుకునేవాడేమో. ఓర్చుకోలేనిది ఇంకొకటి. పొద్దున్నే భార్య లోకేశ్వరి హాల్లో చాప వేసుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని, అరగంట సేపు తల దువ్వేది. చిక్కు పడిన చోట ముందు వేళ్లతో విడదీసి, నొప్పి పుట్టకుండా మెల్లగా దువ్వేది. ఆ కుక్క కళ్లు మూసుకుని మహారాణిలా కూర్చునేది. ఇరవై ఏడేళ్ల కాపురంలో తన జుట్టు బాగుందని ఈ మనిషి ఒక్కసారి అనలేదే అని జయచంద్రకు కడుపు మండేది. కుక్క మీద అసూయ పడుతున్నానని ఒప్పుకోలేక దాన్ని ఎలక అని పిలిచేవాడు.

ఆ కుక్కకు సిగ్గు లేదు. ఇంట్లో అంత ముద్దు చేసే లోకేశ్వరి ఉండగా, అది మనసిచ్చింది ఈయనకు. ఆయన కారు వీధి మలుపు తిరిగేసరికి గేటు దగ్గర ఉండేది. ఛీ పో అంటే రెండడుగులు పోయి మళ్లీ తోక ఊపుకుంటూ వచ్చేది. ఆయన దివాను మీద కూర్చుంటే వచ్చి కుడికాలి పాదం మీద తన గడ్డం ఆనించి పడుకునేది. విదిలిస్తే లేచి, ఒళ్లు దులుపుకుని, మళ్లీ అక్కడే పడుకునేది.

"మానం లేని జంతువు. తిట్టినోడి కాళ్ల కాడికే వస్తాది" అనేవాడు.

ఆ ఏడాది మండీ వర్తకుల సంఘానికి జయచంద్ర అధ్యక్షుడయ్యాడు. పోటీ చేస్తానన్న మనిషి కాలేజీలో కొడుకు సీటు గొడవలో పడి తప్పుకోవడం వల్ల అయ్యాడనుకోండి. అయినా తన మొహం చూసి ఎన్నుకున్నారనే ఆయన నమ్మకం. ప్రమాణ స్వీకారం వచ్చే నెలలో ఒక గురువారం. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఫ్లెక్సీలు కట్టాలని స్టూడియోలో ఒక పూటంతా కూర్చుని ఫొటోలు దిగాడు. కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి, జుట్టు గాలికి ఎగిరేట్టు టేబుల్ ఫ్యాను పెట్టించి ఒకటి.

ఒక ఆదివారం పొద్దున ఫ్లెక్సీల వాడు ఆ ఫొటోలు ఫోనుకు పంపాడు. జయచంద్ర హాల్లో నిలబడి వేలితో పెద్దవి చేసుకుని చూసుకుంటున్నాడు. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. ఫ్యాను ఫొటో ఖాయం చేసి, ఇంకోసారి దువ్వుకుందామని చెయ్యి చాపితే దువ్వెన బల్ల మీద లేదు. దివాను మీద కుక్క నోట్లో ఉంది. గంధపు చెక్క దువ్వెన, నాలుగు పళ్లు అప్పటికే విరిగిపోయాయి. ఆయన్ను చూడగానే అది ఆటనుకుని, పిరుదులు పైకెత్తి, తోక ఊపింది.

జయచంద్ర కుడికాలు లేచింది.

తర్వాత ఆయన తన మనసుకు చెప్పుకున్నది, తన్నలేదు, కాలితో తోశాను అని. తోస్తే దివాను దిగుతుంది. ఇది దివాను దాటి, చాప దాటి, గ్రానైటు బండల మీద పడి జారుకుంటూ పోయి టీవీ బల్లకు కొట్టుకుంది. ఇల్లు అదిరిపోయేట్టు అరిచింది. మూడు కిలోల ఒంట్లో అంత అరుపు ఎక్కడ ఉందో తెలియదు. మిక్సీ ఆగింది. లోకేశ్వరి పరుగెత్తుకొచ్చింది.

"దూకింది. ఎన్నిసార్లు చెప్పినా, దివాన్ల మీదికి ఎక్కనీయొద్దని? దూకింది" అన్నాడు జయచంద్ర, ఎవరూ అడగకముందే.

లోకేశ్వరి ఆయన మొహం వైపు ఒకసారి చూసింది. కుక్కను చీర కొంగులో ఎత్తుకుంది. దాని ముందరి ఎడమకాలు తాడు ముక్కలా వేలాడుతోంది.

పశువుల డాక్టరు ఎక్స్‌రే తీసి, ఎముక రెండు ముక్కలైందన్నాడు. ఆపరేషను చేసి లోపల ప్లేటు వేయాలి, దానికి మద్రాసు తీసుకుపోవాలి, ఇంత చిన్న ప్రాణి మత్తుకు తట్టుకుంటుందని మాట ఇవ్వలేను అన్నాడు. నొప్పికి సూది వేసి పంపాడు. కారెక్కగానే లోకేశ్వరి డ్రైవరుతో, "వెంకటమునీ, పుత్తూరుకు పోనీ" అంది.

ఈ జిల్లాలో ఎముక విరిగిన వాడికి తల్లి కంటే ముందు పుత్తూరే గుర్తొస్తుంది. బస్సు కింద పడినా, తాటిచెట్టు మీది నుంచి పడినా అక్కడికే పోయి కట్టు కట్టించుకుంటారు. అందులో వింత లేదు. కానీ కుక్కను తీసుకుని పోయేది ఎవరు?

"నలుగురు నవ్వుతారే. ఎలకకు పుత్తూరు కట్టా?" అన్నాడు జయచంద్ర.

"మీరు దిగి ఇంటికి పోండి. మేం పోతాం" అంది లోకేశ్వరి.

ఆయన దిగలేదు. ఆమె గొంతులో ఏదో తేడా వినబడింది. ముందు సీట్లోనే కూర్చున్నాడు. కార్వేటినగరం మీదుగా పోతున్నంతసేపూ వెనక నుంచి సన్నగా మూలుగు వినబడుతూనే ఉంది.

కట్లు కట్టే చోట రేకుల షెడ్డు కింద ముప్పైమంది దాకా ఉన్నారు. చేతులు మెడకు వేలాడేసుకున్న వాళ్లు, కాళ్లు చాపుకుని బల్లల మీద పడుకున్న వాళ్లు. కట్టు కట్టే పెద్దాయన లోకేశ్వరి కొంగు తీసి చూశాడు.

"మేకపిల్లకు కట్టినా. ఒకసారి నెమలికి కట్టినా. ఇంత జుట్టుండేదానికి ఇదే మొదలు. ఇది కుక్కేనా తల్లీ?"

"కుక్కేనయ్యా."

పెద్దాయన దాని కాలి దగ్గర జుట్టు కత్తిరించి, రెండు వేళ్లతో ఎముక తడిమి, సరిచేయడానికి ఒక్కసారి లాగాడు. కుక్క అరవలేదు. కళ్లు తేలేసి, నాలుక తెల్లబడి, మెడ వాల్చేసింది. ఒక నిమిషం అది చచ్చిపోయిందనే అందరూ అనుకున్నారు. జయచంద్ర మాత్రం ఫోనులో తన ఫొటోలు చూసుకుంటున్నాడు.

లోకేశ్వరి కొండ ఉన్న దిక్కుకు తిరిగింది. రెండు చేతులూ జోడించి, షెడ్డంతా వినబడేట్టు గట్టిగా అంది.

"ఏడుకొండలవాడా, ఈ బిడ్డ లేసి నాలుగు కాళ్ల మీద నడిస్తే మా ఇంటాయన తలనీలాలు నీకిస్తా సామీ."

జయచంద్ర చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది. పక్క బల్ల మీద తుంటి విరిగి పడుకున్న ముసలమ్మ ఆయన్ను కిందికీ పైకీ చూసి, "ఇస్తాడులే తల్లీ. ఒత్తుగా ఉండాది, సామికి నిండుగా ఉంటాది" అంది.

కుక్క ముక్కు కదిలింది. పెద్దాయన ఆకు పసరు, కోడిగుడ్డు సొన పూసి, ఎప్పుడూ వాడే వెదురు బద్దలు ఈ కాలికి దూలాలవుతాయని చీపురు ఈనెలు విరిపించి, వాటితో గుడ్డ చుట్టి కట్టు కట్టాడు. వారానికొకసారి తీసుకురమ్మన్నాడు.

తిరుగు దారిలో జయచంద్ర నోరు విప్పాడు.

"నా జుట్టును నువ్వెట్ల మొక్కుతావు? నన్నొక మాట అడిగినావా?"

"లోహితకు మూడో ఏట విషజ్వరం వచ్చినప్పుడు నా జుట్టు ఎవరు మొక్కినారు? మీ అమ్మ. నన్ను అడిగిందా? నడుముకు దిగే జడ, ఒక్కరోజులో తీయించేసినా. మీరేమన్నారో గ్యాపకం ఉండాదా?"

ఆయనకు జ్ఞాపకం ఉంది. జుట్టేముందిలే, మళ్లా పెరగతాది అన్నాడు. ఆ తర్వాత ఆర్నెల్లు ఏ పెళ్లికీ, ఏ పేరంటానికీ ఆమెను వెంటబెట్టుకుని పోలేదు. తల తిప్పుకుని కార్వేటినగరం కొండలు చూశాడు.

"అది బిడ్డ. ఇది కుక్క" అన్నాడు.

"మొక్కేటప్పుడు సామి ముందర ఆ తేడా చెప్పలేదు నేను" అంది లోకేశ్వరి.

వెంకటముని మంచి డ్రైవరు. దారిలో ఒక్కసారి కూడా వెనక్కు తిరిగి చూడలేదు. సాయంత్రానికల్లా మండీ అంతటికీ చెప్పేశాడు.

మర్నాటి నుంచి జయచంద్రను అధ్యక్షుడని పలకరించిన వాడు లేడు. తూకం వేసేవాడి నుంచి టీ తెచ్చేవాడి దాకా ఒకటే ప్రశ్న. కుక్క కాలు ఎట్లుంది? ధనశేఖర్ రోజుకు రెండుసార్లు వచ్చేవాడు.

"కట్టు గట్టిగా ఉండాదా బావా? మంచి నెయ్యి పెట్టమను అక్కను. ఎముక తొందరగా అతుక్కుంటాది" అనేవాడు ఎంతో శ్రద్ధగా, ఆయన కళ్లలోకి కాక ఆయన నెత్తి వైపు చూస్తూ.

ఇక ఆ నెల రోజులు జయచంద్ర బతికిన బతుకు చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. అంతకుముందు ఆ కుక్క వైపు కన్నెత్తి చూడని మనిషి, ఇప్పుడు పొద్దున్న లేస్తూనే దాని కాలు చూసేవాడు. వాపు తగ్గితే ఆయన మొహం వాడిపోయేది. అది అడుగు వేయబోయి కూలబడితే ఆయనకు కాఫీ రుచిగా ఉండేది. ఎముక అతుక్కోకపోతే మొక్కు లేదు, మొక్కు లేకపోతే జుట్టు ఉంటుంది, ఇంతే ఆయన లెక్క. దేవుడి గదిలో వెంకటేశ్వరుడి పటం ముందు నిలబడి, బెల్లం మండీ వర్తకుల సంఘ అధ్యక్షుడు, ఇద్దరు అన్నల కంటే అందగాడు, మూడు కిలోల కుక్క కుంటిదైపోవాలని కోరుకున్నాడు. కోరుకుని, ఎవరైనా విన్నారేమోనని వెనక్కు చూసుకున్నాడు. అలాంటి మగవాడికి నెత్తిన ఎంత జుట్టుంటే ఏం లాభం.

ఆ కుక్క మాత్రం మూడు కాళ్ల మీద కుంటుకుంటూ, కట్టు బండల మీద టకటకమనిపించుకుంటూ, సాయంత్రం గేటు దగ్గరికి పోవడం మానలేదు. ఆయన కారు దిగగానే తోక ఊపేది. జరిగిందానికి సాక్షి అదొక్కటే. దానికి నోరు లేనందుకు ఆయన సంతోషించాడు, మానం లేనందుకు అసహ్యించుకున్నాడు. అంత జరిగినా నా దగ్గరికే వస్తావా, నీ బతుకు చెడ అనుకునేవాడు.

నాలుగో వారం పుత్తూరులో కట్టు విప్పారు. పెద్దాయన కుక్కను నేల మీద దించి చేతులు తీశాడు. ఒక పక్క లోకేశ్వరి చేతులు చాపి పిలుస్తోంది. ఇంకో పక్క జయచంద్ర ఫోను చూస్తున్నట్టు నటిస్తున్నాడు. అది కొత్తకాలు ఒకటికి రెండుసార్లు నేలకు ఆనించి చూసుకుని, నాలుగు కాళ్ల మీద నిలబడి, తిన్నగా జయచంద్ర దగ్గరికి నడిచి వచ్చి, కుడి పాదం వాసన చూసింది.

షెడ్డులో ఉన్నవాళ్లు గోవిందా అన్నారు.

"సోమవారం కొండకు పోతాం" అంది లోకేశ్వరి.

"గురువారం ప్రమాణం పెట్టుకోని సోమవారమా? వీధంతా ఫ్లెక్సీలు కట్టినారు. ఆ ఫొటోలో ఉండేది ఎవరు, స్టేజీ మీద ఉండేది ఎవరని జనం అడగరా? ఆ పై వారం పోదాం."

"మీ ఇష్టం."

ఆమె మీ ఇష్టం అంటే ఏమిటో ఇరవై ఏడేళ్లుగా తెలుసు కాబట్టి ఆయన బేరానికి దిగాడు. మూడు కత్తెరలు ఇస్తాను, అదీ మొక్కే కదా అన్నాడు. అది ఆడవాళ్లకని ఆమె అంది. పోనీ దాని జుట్టే ఇద్దాం, మనిషి జుట్టు లాంటిదేనని లోహితే కదా చెప్పింది అన్నాడు. ఆమె ఆ మాటకు జవాబు కూడా ఇవ్వకుండా పప్పు పోపు పెట్టుకోవడానికి పోయింది.

శనివారం ధనశేఖర్ మండీలో కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"పెద్దోళ్లు ఒక మాట అంటాండారు బావా. నేను అన్నట్టు కాదు. మొక్కు తీర్చకుండా నెత్తిన పెట్టుకోని అధ్యక్షుడు కుర్చీలో కూర్చుంటే ఈ సీజన్ బెల్లం నీరు కారతాదని భయపడతాండారు. గురువారం లోపల తీరిస్తే సరి, లేదంటే ప్రమాణం వాయిదా వేద్దామంటాండారు. వాయిదా అంటే, అప్పుడు తప్పుకున్నాడే ఆయప్ప, మళ్లా పోటీకి వస్తాడు. ఆయప్ప కొడుక్కి సీటు వచ్చేసింది కదా."

జయచంద్ర నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. జుట్టా, కుర్చీనా అని ఒక రాత్రంతా కొట్టుకున్నాడు. తెల్లారేసరికి కుర్చీ గెలిచింది. భక్తి ఆ పందెంలో లేనే లేదు.

సోమవారం కొండ మీద కల్యాణకట్టలో కుళాయి కింద తల తడుపుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన సత్యవేడు వైపు రైతు ఒకడు, నల్లగా, ఎముకలు తేలిన మనిషి, అప్పటికే సగం గుండుతో ఉన్నాడు.

"మా వోనికి పచ్చకామెర్లు వచ్చి బతికినాడన్నా. దానికి మొక్కు" అన్నాడు అడగకుండానే. "మీది ఏమి మొక్కు?"

"బిడ్డకు కాలు ఇరిగింది" అన్నాడు జయచంద్ర. కుక్క అనడానికి నోరు రాలేదు.

"అయ్యో. ఎన్నేండ్లు?"

"రెండు."

"రెండేండ్ల బిడ్డకా? ఎట్ల ఇరిగిందన్నా?"

"దూకింది."

"పసిబిడ్డలకు ఏం తెలస్తాదిలే. మనమే కనిపెట్టుకోని ఉండాల. బిడ్డ కోసరం ఇంత మంచి జుట్టు ఇస్తాండావు, నువ్వు మంచి నాయనవన్నా" అన్నాడు ఆ రైతు, మనసారా.

కత్తి నుదుటి నుంచి వెనక్కు ఒక్క గీత గీసింది. తడి జుట్టు కుప్పగా ఒళ్లో పడింది. రంగు వేసిన జుట్టు మొదళ్లలో తెల్లగా ఉంది. జయచంద్ర దాన్నే చూస్తూ కూర్చున్నాడు. జుట్టు పోతోందన్న బాధ కంటే ఆ రైతు అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది. ఆ మాటను వెనక్కు తీసుకోమని చెప్పడానికి తల తిప్పబోతే క్షురకుడు కదలొద్దన్నాడు.

దర్శనం చేసుకుని, చిత్తూరు వచ్చేసరికి సాయంత్రమైంది. మండీ వీధి మొదట్లో వరుసగా ఫ్లెక్సీలు, ప్రతిదాంట్లోనూ గాలికి ఎగిరే జుట్టు. ధనశేఖర్ కొట్టు ముందు నిలబడి ఉన్నాడు. కారు ఆపించి, లోపలికి తొంగి చూశాడు. ఇరవై ఏళ్లు దాచుకున్న మాటలన్నీ అతని మొహం మీద తిరిగాయి.

"ఎండకు మాడతాది బావా. నా కాడ రెండు టోపీలుండాయి, ఒకటి పంపిస్తా" అని మాత్రం అన్నాడు.

ఇంటికి వచ్చి జయచంద్ర దివాను మీద కూర్చున్నాడు. నెత్తిన గంధం ఎండి బిగుసుకుంది. గోడ అద్దంలో వాళ్ల నాయన కనబడ్డాడు, పెద్దన్న కనబడ్డాడు, తాను మాత్రం కనబడలేదు. లోకేశ్వరి లడ్డూ ప్రసాదం చిదిపి గిన్నెల్లో పెడుతోంది. ఆమెను చూస్తే ఆయనకు ఒళ్లు మండింది.

"నాకు గుండెలో స్టెంటు వేసినప్పుడు ఏమి మొక్కినావే నువ్వు?"

"కాణిపాకంలో పదకొండు టెంకాయలు."

"నాకు పదకొండు టెంకాయలు. కుక్కకు నా జుట్టు. మొగుని కంటే కుక్క ఎక్కువైపోయిందా నీకు?"

లోకేశ్వరి చేతిలో పని ఆపింది. గొంతు పెంచలేదు.

"మీ గుండెలో అడ్డం పడింది ఎవరూ చేసింది కాదు. దాని కాలు ఇరిగింది ఒకరు చేసింది."

జయచంద్ర టీవీ బల్ల వైపు చూశాడు.

"వంటింటి కిటికీలో నుంచి హాలంతా అగపడతాది. ఇల్లు కట్టేటప్పుడు అట్ల పెట్టించింది మీరే. మిక్సీ తిరుగుతా ఉంటే చెవులు పనిచేయవు కానీ, కండ్లు పనిచేస్తాయి" అంది. "దూకింది అన్నారు. మీరు చెప్తారేమోనని పుత్తూరు దాకా చూసినా. అది కండ్లు తేలేసినప్పుడన్నా చెప్తారనుకున్నా. మీరు అప్పుడు కూడా ఫోనే చూసుకుంటాండారు. లోహితకు చెప్తే ఇంక ఈ జన్మలో మీ మొహం చూడదు. అందుకని సామికి చెప్పినా. ఈ ఇంట్లో తప్పు చేసినోళ్లే జుట్టు ఇచ్చేది ఇదే మొదటిసారి."

ఆమె గిన్నెలు తీసుకుని ఇరుగుపొరుగుకు ప్రసాదం ఇవ్వడానికి బయటికి పోయింది.

జయచంద్ర అలాగే కూర్చున్నాడు. నెల రోజులుగా ఆమె తనతో మాట్లాడిన ప్రతి మాటా, కాఫీ పెట్టిన ప్రతి పూటా, అంతా తెలిసే అని ఇప్పుడు అర్థమైంది. దేవుడి పటం ముందు తాను కోరుకున్న కోరిక కూడా ఆ కిటికీలో నుంచి వినబడిందేమో అనిపించింది. బట్టతల వాళ్లను చూస్తే ఆయన మొహంలోకి వచ్చే ఆ వంకర నవ్వు, అద్దంలో తన వైపే తిరిగి చూస్తున్నట్టుంది.

చాప మీద పడుకున్న కుక్క లేచింది. కొత్తకాలు కాస్త పక్కకు వేస్తూ బండల మీద నడిచి వచ్చింది. గుండు చూసి మొరుగుతుందనుకున్నాడు. వీధి చివర గుమ్మడికాయ బండిని చూసినా మొరిగే జంతువు అది. మొరగలేదు. ఆయన కుడి పాదం వాసన చూసి, ఒక చుట్టు తిరిగి, ఆ పాదం మీదే గడ్డం ఆనించి పడుకుంది.

దాని కాలి దగ్గర కత్తిరించిన జుట్టు ఇంకా పెరగలేదు. ఆ చోట చర్మం తెల్లగా ఉంది. జయచంద్ర తన పాదాన్ని విదిలించలేదు, దాన్ని నిమరడానికి వంగనూ లేదు. లోకేశ్వరి తిరిగి వచ్చి హాల్లో లైటు వేసే దాకా, కాలు తిమ్మిరెక్కి బండబారిపోయినా, కదపకుండా కూర్చున్నాడు.